తెనాలి మాట

చనిపోయినవాళ్ళ చేత దీవెనలిప్పించడం ఏబేలుకు కొత్త పనేమీ కాదు. మార్కాపురం బస్టాండు ఎదురుగా మేడమీద స్టూడియో పెట్టి పద్దెనిమిదేళ్ళయింది. ఇటు గిద్దలూరు నుంచి అటు కొనకనమిట్ల, దర్శి దాకా ఎన్ని పెళ్ళిళ్ళు తీశాడో లెక్కలేదు. ఈ నాలుగైదేళ్ళుగా మాత్రం రెండు పెళ్ళిళ్ళకొకసారైనా ఇట్లాంటి పని తగులుతోంది. పోయిన తండ్రో తాతో మబ్బుల్లోంచి దిగొచ్చి, పెళ్ళికూతురి తలమీద చెయ్యి పెట్టి మాయమైపోవాలి. పందిట్లో పెద్ద తెరమీద అది వేయగానే ఆడవాళ్ళంతా కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడుస్తారు. ఒక్క ఫొటో ఇస్తే చాలు, మిగతాది కంప్యూటరు చూసుకుంటుంది.

మురళీకృష్ణ అడిగింది అది కాదు.

"మబ్బులూ పొగా నాకొద్దు ఏబేలూ. మనిషి నిజంగా నడిచొచ్చినట్లు ఉండాల. మా ఇంట్లో, మా పూజగదిలో. పాప జడ సవరించాల, బొట్టు పెట్టాల, అక్షింతలు వెయ్యాల. ముఖం ఒక్కటి సుభద్రది పెట్టు."

మురళీకృష్ణకు ఊరి బయట పలకల ఫ్యాక్టరీ ఉంది. పిల్లలు పలకల మీద రాయడం తగ్గిపోయినా, అదే రాయిని నేలబండలుగా కోసి ఓడలకెక్కిస్తున్నాడు. ఒక్కతే కూతురు, గోపిక. బెంగుళూరులో ఉద్యోగం. తనతో పనిచేసే అబ్బాయినే చేసుకుంటోంది. పెళ్ళి ఇక్కడ కాదు, బాలీ దీవిలో, సముద్రం ఒడ్డున, ఎనభై మందితో. అక్కడ తీయడానికి హైదరాబాదు వాళ్ళు కుదిరారు. తల్లి దీవెన వీడియో మాత్రం ఏబేలుది. అది బాగా కుదిరితే మూడో కెమెరాగా అతన్ని కూడా బాలీ తీసుకుపోతానని మురళీకృష్ణ మాటిచ్చాడు. ఏబేలు పాస్‌పోర్టు తీసుకుని ఆరేళ్ళయింది. అందులో ఇంతవరకూ ఒక్క ముద్ర కూడా పడలేదు.

"నడిచేదానికి ఒక మనిషి కావాల కదా సార్" అని ఏబేలు అంటే మురళీకృష్ణ వంటింటి వైపు చూసి, "శేషమ్మ ఉంది కదా. ఇద్దరిదీ ఒకటే ఎత్తు" అన్నాడు.

శేషమ్మది పుల్లలచెరువు పక్క గొర్రెలు కాసుకునే ఇల్లు. సుభద్ర ఈ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడాదే వంటకు కుదిరింది. గోపికకు పదకొండో నెలలో సుభద్ర కామెర్లతో పోయింది. శేషమ్మ మాత్రం మళ్ళీ తన ఊరికి పోలేదు. గోపిక ఆమెను పెద్దమ్మా అని పిలుస్తుంది.

ఏబేలు పూజగది ముందు లైట్లు నిలబెడుతుంటే అతని భార్య రేచల్ లోపల శేషమ్మకు చీర కడుతోంది. స్టూడియోలో ఆల్బములు చేసేది రేచలే. అవసరమైతే ఇట్లాంటి పనికి కూడా వస్తుంది. ఆకుపచ్చ పట్టుచీర, ఇరవై ఐదేళ్ళుగా బీరువా అడుగున ఉన్నది. విప్పగానే గదినిండా కలరా ఉండల వాసన కొట్టింది. రవిక పట్టదని, కుట్లు విప్పి వదులు చెయ్యాలని రేచల్ సూదీ దారం తెచ్చుకుంది. ఇరవై రెండేళ్ళ పిల్ల తొడిగిన రవిక అది. శేషమ్మకు యాభై ఎనిమిది. కానీ చేతులు దూర్చి హుక్కులు పెడితే, నిన్న ఆది ఇచ్చి కుట్టించినట్టు సరిపోయింది. రేచల్ సూదిని మళ్ళీ పెట్టెలో పెట్టేసింది.

శేషమ్మ గదిలోంచి బయటికొచ్చి, గోడమీద పూలదండ వేసి ఉన్న ఫొటో ముందు నిలబడింది.

"కట్టుకున్నానమ్మా. ఏమనుకోవాక" అంది.

పెళ్ళికూతురు నిలబడాల్సిన చోట బట్టల దుకాణం నుంచి తెచ్చిన బొమ్మ ఉంది. దానికి కళ్ళూ ముక్కూ లేవు, నున్నటి కోడిగుడ్డు లాంటి ముఖం. వెనకనుంచి తీస్తే సరిపోతుందని ఏబేలు దానికి సవరం కట్టి, పూలజడ వేయించి, ఎర్రచీర చుట్టించాడు. శేషమ్మ ఆ బొమ్మను ఒకసారి పైనుంచి కిందిదాకా చూసింది.

"దీనికా బొట్టు పెట్టాల్సింది?"

"పాప అనుకోమ్మా. నువ్వు ఈ గీత కాడి నుంచి నడిచొచ్చి ఈ గీత మీద నిలబడాల. చెయ్యి నీ ముఖానికి అడ్డం రాకూడదు. అడ్డమొస్తే ముఖం సరిగా ఎక్కదు."

"నా ముఖం ఎట్లాగూ కనపడదు కదా నాయనా?"

"కనపడదమ్మా. అమ్మగారిదే వస్తాది."

"మంచిదిలే" అని శేషమ్మ కొంగు సర్దుకుంది.

"పెదాలు కదుల్తా ఉంటే బాగుంటాది. ఏదో ఒకటి అనుకుంటా ఉండు. మాట తీసేసి పాట వేస్తాం."

"ఏమన్నా అనొచ్చా?"

"ఏదైనా."

మాట వాడేది లేకపోయినా, అలవాటు చొప్పున రేచల్ ఆమె కొంగు లోపల చిన్న మైకు గుచ్చింది. ఏబేలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కెమెరా ఆన్ చేశాడు. శేషమ్మ గీత దగ్గర నుంచి బయలుదేరింది. మోకాలు నొప్పితో ఎప్పుడూ ఒక పక్కకు ఒరుగుతూ నడిచే మనిషి, ఆ పది అడుగులూ తేలిగ్గా నడిచింది. బొమ్మ దగ్గరికి వచ్చి నిలబడి, పూలజడను చేతిలోకి తీసుకుని, తడి చూస్తున్నట్టు కొసలు నలిపింది.

హెడ్‌ఫోన్లలో ఒక ఆడపిల్ల గొంతు వినపడింది.

"జుట్టు తడిగా ఉందేంటే చిన్నీ? ఆరబెట్టుకోలేదా? ఇట్లాగే పడుకుంటే జలుబు చెయ్యదూ?"

ఏబేలు శేషమ్మ వైపు చూశాడు. పొద్దుటి నుంచి శేషమ్మతో మాట్లాడుతూనే ఉన్నాడు. ఆమెది బొంగురు గొంతు. ఇది సన్నగా, కొంచెం గారాబంగా ఉంది. ఒక చెవి మీదనుంచి హెడ్‌ఫోను తప్పించి చూశాడు. గదిలో గాజుల చప్పుడు తప్ప ఏమీ వినపడటం లేదు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఏడవకే. నేనెక్కడికీ వెళ్ళలేదుగా. ఇక్కడే ఉన్నాగా."

ఈ పక్క ఎవరూ అట్లా మాట్లాడరు. 'యాడికీ పోలేదులే, ఈడనే ఉండాలే' అంటారు. ఇది కాలవల కింది ఊళ్ళ మాట. సుభద్రది తెనాలి అని ఫొటోలు ఇచ్చేటప్పుడు మురళీకృష్ణ చెప్పినట్టు గుర్తు.

అప్పుడే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మురళీకృష్ణ గుమ్మం దగ్గర ఒక కాలి చెప్పు విడిచాడు. ఎదురుగా ఆకుపచ్చ చీరలో ఆడమనిషి వీపు, బొమ్మ తలమీద అక్షింతలు వేస్తున్న చెయ్యి. ఆయన అట్లాగే కాసేపు నిలబడి, విడిచిన చెప్పు మళ్ళీ తొడుక్కుని, వెనక్కి తిరిగి కారెక్కి వెళ్ళిపోయాడు.

ముఖం ఎక్కించడానికి ఏబేలుకు రెండు రోజులు పట్టింది. సుభద్ర ఫొటోలు మొత్తం మూడే దొరికాయి. పెళ్ళిది ఒకటి, సీమంతానిది ఒకటి, ఓటరు కార్డుది ఒకటి. పెళ్ళి క్యాసెట్టు ఎప్పుడో బూజుపట్టి పోయింది. మూడు ఫొటోల్లోనూ ఆమె ఫ్లాష్‌కు బెదిరినట్టు కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తోంది. ఆ మూడింటినే కంప్యూటరుకిచ్చి, శేషమ్మ గడ్డం దగ్గర, చెవుల దగ్గర అంచులు సరిచేసుకుంటూ, ఒక్కొక్క కదలికా జరిపి చూసుకుంటూ కూర్చున్నాడు. మూడోరోజు మధ్యాహ్నానికి సుభద్ర పూజగదిలోకి నడిచొచ్చింది. జడ సవరించింది. నవ్వింది.

"ఆమె ఇట్లనే నవ్వేదంటావా?" అంది రేచల్ వెనకనుంచి.

"ఎవరికి తెలుసు?"

మురళీకృష్ణ సాయంత్రం మెట్లెక్కి వచ్చాడు. ఏబేలు కుర్చీ జరిపి వీడియో పెట్టాడు. ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, వాకిట్లో ఎవరికోసమో చూస్తున్న మనిషిలాగా చూశాడు. తెరమీద సుభద్ర అక్షింతలు వేసి, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని తెరిచింది.

"ఆపు" అన్నాడు. "వెనక్కి తిప్పు. ఆ... ఈ కళ్ళు యాడియి?"

"కంప్యూటరే వేసుకుంటాది సార్. మూడు ఫొటోల్లో కళ్ళు తెరిచే ఉండాయి. మూసుకున్నది ఒకటీ లేదు."

మురళీకృష్ణ కళ్ళు మూసుకున్న ఆ ముఖాన్ని చాలాసేపు చూశాడు.

"ఆస్పత్రి నుంచి తెచ్చి వరండాలో పండబెట్టినప్పుడు ఇట్లనే ఉండింది" అన్నాడు. "ఇట్లనే. ఆ ఎడమ రెప్ప పూర్తిగా పడలా."

ఏబేలు వంగి చూశాడు. నిజంగానే ఎడమ రెప్ప కింద వెంట్రుకవాసి సందు ఉంది. ఇన్నిసార్లు చూసినా అతని కంటికది ఆనలేదు. వీడియో ముందుకు జరపబోయాడు. వేలు పక్క మీటకు తగిలి, మూసి ఉంచిన సౌండు తెరుచుకుంది.

"...ఏడవకే. నేనెక్కడికీ వెళ్ళలేదుగా. ఇక్కడే ఉన్నాగా."

మురళీకృష్ణ కుర్చీ చేతులు పట్టుకున్నాడు.

"ఎవరిది ఆ గొంతు?"

"శేషమ్మది సార్. ఏదో ఒకటి అనుకోమంటే..."

"కాదు" అన్నాడు మురళీకృష్ణ. తర్వాత మూడుసార్లు పెట్టించుకుని విన్నాడు. మూడోసారి ఆయన తెరకేసి చూడలేదు, గోడకు తిరిగి కూర్చున్నాడు. "ఆమె గొంతు నా దగ్గర యాడా లేదు ఏబేలూ. ఇరవై ఐదేళ్ళకు ఎట్లుండేదో మరిచే పోయినా. పాట వద్దు గీట వద్దు. ఈ మాటే ఉంచు. అందరూ వినాల." మెట్లు దిగబోతూ ఆగి, "నీకు టిక్కెట్టు వేయిస్తున్నా" అన్నాడు.

మర్నాడు పదకొండు గంటలకు శేషమ్మ ఆటోలో వచ్చింది. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి ఆగుతూ పైకెక్కింది. రేచల్ ఇచ్చిన నీళ్ళు తాగి, "చూడొచ్చా?" అంది.

ఏబేలు వీడియో వేశాడు. శేషమ్మ ముందుకు వంగి తన ఒంటిమీద ఇంకొకరి ముఖం చూసుకుంది. బాధ పడుతుందేమోనని ఏబేలు ఓరగా చూస్తున్నాడు. ఆమె మాత్రం దూరపు చుట్టం వచ్చినంత సంబరంగా చూసింది.

"బాగుండాది నాయనా. పిల్లను ఎత్తుకున్నప్పుడు ఇట్లనే చూసేది." వీడియో అయిపోయాక కొంగుతో ముఖం తుడుచుకుంది. "మాట ఉంచమన్నాడంట కదా సారు. కారు డ్రైవరు పోలయ్య చెప్పినాడు. అది తీసెయ్ నాయనా."

"ఎందుకమ్మా? సార్‌కు అదే నచ్చింది."

"ఆ పిల్లకు తెలిసిపోతాది."

"ఏం తెలుస్తాది?"

శేషమ్మ రేచల్ వైపు చూసింది, ఆడమనిషికి చెప్పడమే తేలికన్నట్టు.

"సుభద్రమ్మ పోయినాక ఆ పసిది పాలు తాగేది కాదు, పండుకునేది కాదమ్మా. నేను ఊకుకోమ్మా అంటే ఇంకా ఎక్కువ ఏడ్చేది. దానికి ఆ తెనాలి మాటే తెలుసు. ఒకనాడు లైటు తీసేసి, ఏమనుకున్నానో ఏమో, సుభద్రమ్మ అన్నట్లే అన్నా. ఎక్కడికీ వెళ్ళలేదుగా, ఇక్కడే ఉన్నాగా అని. టక్కున ఊకునింది. నాకే ఒళ్ళు జలదరించింది. ఇంక దినామూ అదే. కొంచెం పెద్దదయి మాటలొచ్చినాక, తెల్లారి లేచి నాతోనే చెప్పేది, పెద్దమ్మా, రాత్రి మా అమ్మొచ్చింది అని. నేనేమని చెప్పేది? అవునా తల్లీ, ఏమనింది అని అడిగేదాన్ని."

రేచల్ చేతిలోని గ్లాసు బల్లమీద పెట్టింది.

"ఎన్నాళ్ళు చేసినావమ్మా అట్ల?"

"మూడో తరగతికి వచ్చిందాకా. ఇంక కనిపెడతాదని మానేసినా. ఆ సంవత్సరమే దానికి మేడమీద గది ఇచ్చినారు. ఈ మోకాలితో ఆ మెట్లు నేనెక్కలేను కూడా." శేషమ్మ ఏబేలు వైపు తిరిగింది. "అమ్మ వచ్చిందనే అనుకునింది నాయనా ఆ పిల్ల. రేపు పెళ్ళిలో నలుగురిలో ఆ గొంతు వింటే, ఎవరు మాట్లాడినారని అడగదా? శేషమ్మ అని మీరు చెప్పరా? ఉన్న ఆ ఒక్క అమ్మనూ దానికి లేకుండా చెయ్యవాక."

"నువ్వు కూడా పెళ్ళికి పోతావు కదమ్మా. నువ్వే..."

"నేను యాడ పోతా? పాస్‌పోర్టుకు టైము చాలదని చెప్పినారు."

పెళ్ళి ఖాయమై ఎనిమిది నెలలైందని ఏబేలుకు తెలుసు. పాస్‌పోర్టుకు ఎన్నాళ్ళు పడుతుందో కూడా తెలుసు. రేచల్ అతని కళ్ళలోకి చూసింది. శేషమ్మను ఆటో ఎక్కించి వచ్చాక రేచల్, "సార్‌కు ఏం చెప్తావు?" అంది.

"ఈ చిన్న స్పీకర్లో తెలీలేదు గానీ, పెద్ద స్పీకర్లో పెడితే బోరు మోటారు మోత వినపడతాందని చెప్తా."

అదే చెప్పాడు. "హైదరాబాదోళ్ళకియ్యి, వాళ్ళు శుభ్రం చేస్తారు" అన్నాడు మురళీకృష్ణ. ఏబేలు సరేనన్నాడు గానీ ఇవ్వలేదు. మాట తీసేసి, కింద సన్నగా వేణువు వేసి వీడియో ముగించాడు. అసలు తీసింది మాత్రం చెరపలేదు. తీసిన దాన్ని చెరపడం అతని చేతకాదు.

రెండు విమానాలు మారి బాలీలో దిగేసరికి అతనికి నేల ఇంకా ఊగుతున్నట్టే ఉంది. హోటలు వెనక పచ్చిక, పచ్చిక చివర సముద్రం. సన్నటి మనుషులు కొబ్బరి మట్టలు అల్లుతూ మంటపం కడుతున్నారు. పెళ్ళికి ముందురోజు సాయంత్రం నాలుగింటికి, మార్కాపురంలో ఒంటిగంటన్నర వేళ, ఏబేలు పచ్చిక మీద నిలబెట్టిన పెద్ద తెరకు తీగలు కలిపి వీడియో సరిగ్గా వస్తోందో లేదో చూసుకుంటున్నాడు. హైదరాబాదు వాళ్ళు డ్రోను ఎగరేయడానికి ఒడ్డుకు వెళ్ళారు. తెరమీద సుభద్ర ముఖం మనిషంత ఎత్తున నవ్వుతోంది. వెనక అలలు విరిగిపడుతున్నాయి.

"ఆపవాకన్నా. చూడనీ."

వెనక్కి తిరిగితే గోపిక. రెండు చేతులకూ మోచేతులదాకా గోరింటాకు, ఒంటికి తగలకుండా ఎడంగా పట్టుకుని నిలబడింది. ఏబేలు గబగబా తీగ లాగబోయి మానుకున్నాడు.

"రేపు చూపించాలని సార్ అనుకున్నాడమ్మా. నీకు చెప్పొద్దని..."

"నేనేమీ అననులే." ఆమె కుర్చీ అంచున కూర్చుని చివరిదాకా చూసింది. కంట తడి పెట్టలేదు. బొమ్మ తలమీద అక్షింతలు పడి, తల్లి కళ్ళు మూసుకుని తెరిచినప్పుడు మాత్రం ముఖం పక్కకు తిప్పుకుంది. "పెద్దమ్మే కదా నడిచింది?"

"అవునమ్మా."

"పెదాలు కదుల్తాండాయి. ఏదో అంటాంది. ఏమనిందన్నా?"

"మోటారు మోత పడి..."

"ఏబేలన్నా" అంది గోపిక.

అతను కాసేపు తీగ చుట్టుకుంటూ నిలబడ్డాడు. తర్వాత అసలు తీసింది వెతికి పెట్టి, ఆమె చేతులు ఖాళీ లేవు కాబట్టి తనే హెడ్‌ఫోన్లు ఆమె చెవులకు పెట్టాడు. చిన్న తెరమీద శేషమ్మ, తన సొంత ముఖంతో, బొమ్మ జడ కొసలు నలుపుతోంది. ఏబేలుకు మాట వినపడటం లేదు. గోపిక పెదాలు చూస్తున్నాడు. అవి కదులుతున్నాయి. శేషమ్మ నోరు తెరిచేలోపే, ఆ మాట గోపిక పెదాలు అనేస్తున్నాయి.

తియ్యమన్నట్టు ఆమె తల ఊపింది. తీశాడు.

"పెద్దమ్మే తీసెయ్యమనింది కదా? నాకు తెలిసిపోతాదని."

"నీకు తెలుసా?"

"రెండో తరగతిలోనే తెలిసింది." గోపిక నవ్వింది. "ఒకనాడు పడుకోవే అనబోయి పండుకోవే అనేసింది. నేను దుప్పటి కప్పుకుని ఒకటే నవ్వు. అడిగితే రావడం మానేస్తాదని అడగలా. అమ్మ రాకపోతే పోయె, పెద్దమ్మయినా రావాల కదా."

శేషమ్మకు ఈ సంగతి చెప్పొచ్చనుకున్నాడు ఏబేలు. ఎంత తేలికపడుతుందో.

"కానీ ఆ తర్వాత ఒక్కసారి కూడా తప్పు పోలేదన్నా" అంది గోపిక సముద్రం వైపు చూస్తూ. "మేడమీద గదికి మారినాక మరీ. అచ్చం తెనాలి మనిషే. వినీవినీ పెద్దమ్మ ఎంత బాగా నేర్చుకునిందో అనుకునేదాన్ని. పదో తరగతి పరీక్షలప్పుడు కూడా వచ్చేది, పుస్తకం మీదే తల వాల్చి పండుకుంటే. ఆ మోకాళ్ళతో అన్ని మెట్లు ఎట్ల ఎక్కేదో పాపం. అడుగుల చప్పుడు కూడా వినపడేది కాదు. ఇంటరుకు హాస్టల్లో వేసినాక వారం రోజులు నాకు నిద్రే లేదు. పెద్దమ్మ ఇంటికాడ ఉంటే ఈడికెట్ల వస్తాదిలే అని నాకు నేనే చెప్పుకున్నా."

ఏబేలు నోరు తెరిచాడు. శేషమ్మ మూడో తరగతిలోనే మానేసిందన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. తెరమీద వీడియో మళ్ళీ మొదటికి తిరిగి, సుభద్ర పూజగదిలోకి అడుగు పెడుతోంది. అతను ఆ మాట మింగేసి, వంగి, అవసరం లేకపోయినా తీగ బిగించాడు.

"ఇంత చేసిన మనిషి పెళ్ళికి రాలేదు చూడన్నా. విమానమంటే భయమనిందంట, నాయన చెప్పినాడు."

"పాస్‌పోర్టుకు టైము చాలదని ఆమెతో చెప్పినారంటమ్మా."

గోపిక తల తిప్పి అతన్ని చూసింది. గోరింటాకు చేతులు రెండూ ఒళ్ళోకి జారి, పసుపు గౌను మీద ముద్రలు పడ్డాయి. ఆమె చూసుకోలేదు.

"రేపు అమ్మ ముఖం వద్దన్నా. నాకు ఆ ముఖం తెలీదు. పెద్దమ్మదే వెయ్యి. ఆమె ముఖమే, ఆమె మాటే. నాయనతో నేను చెప్తా."

ఏం చెప్పిందో, ఎప్పుడు చెప్పిందో ఏబేలుకు తెలీదు. మర్నాడు తాళి కట్టిన తర్వాత, ఎండ వాలి పెద్ద తెర వెలిగినప్పుడు, మురళీకృష్ణ ముందు వరసలో కూర్చుని ఉన్నాడు. ఆకుపచ్చ పట్టుచీరలో యాభై ఎనిమిదేళ్ళ మనిషి నడిచొచ్చింది. ఎవరీమె అని పెళ్ళికొడుకు వైపు వాళ్ళు గుసగుసలాడారు. గోపిక మైకు తీసుకుంది.

"మా పెద్దమ్మ. పేరు శేషమ్మ. నన్ను పెంచింది ఈమె. మేము పిలుచుకుని రాలేదు, అందుకని రాలేదు" అంది.

తర్వాత పచ్చిక అంతటా ఆ గొంతు పరుచుకుంది. జుట్టు తడిగా ఉందేంటే చిన్నీ. ఏబేలు మూడో కెమెరా మురళీకృష్ణ మీద ఉంది. ఆయన లేవబోయినట్టు సగం లేచి మళ్ళీ కూర్చున్నాడు. కళ్ళు మూసుకుని విన్నాడు. లైట్లు వెలిగాక ఏబేలు పక్కనుంచి పోతూ, భుజం మీద చెయ్యి వేసి, "ఆ కళ్ళు తీసేసినావు. మంచిపని చేసినావు" అన్నాడు.

మర్నాడు పొద్దున ఒడ్డున నిలబడి ఏబేలు శేషమ్మకు ఫోన్ చేశాడు. అవతల కుక్కరు కూత, తర్వాత ఆమె గొంతు.

"ఇందాకనే పాప చేసింది నాయనా. ఏందో, ఫోన్లో మాట్లాడకుండా ఒకటే ఏడుస్తాంది. పెళ్ళి బాగా జరిగిందా? మాట తీసేసినావు కదా?"

"లేదమ్మా. వేసినాం. పాపే వెయ్యమనింది." "పాపకు తెలుసంటమ్మా. నువ్వేనని. రెండో తరగతి నుంచే తెలుసంట. అడిగితే నువ్వు రావడం మానేస్తావని అడగలేదంట."

అవతల స్టవ్వు ఆపిన చప్పుడైంది. తర్వాత ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో అతనికి తెలీలేదు.

"ఎంత దొంగముండో చూడు" అంది. "నాకు ఇన్నేండ్లూ ఒకటే దిగులు నాయనా, ఎవరికీ చెప్పుకోలా. నేను మానేసినాక ఆ పిల్ల ఒక్కనాడు కూడా అడగలేదు, అమ్మ ఎందుకు రావడంలేదు అని. ఒక్క రాత్రి ఏడవలా. తల్లిని మరిచిపోయిందేమో, నేనే మరిపించినానేమో అని కుమిలిపోయినా. ఇప్పుడు తెలిసింది. నేనేనని తెలుసు కాబట్టి అడగలేదు. అంతే కదా నాయనా?"

అల ఒకటి వచ్చి ఏబేలు పాదాలు తడిపి, కింది ఇసుక లాక్కుని వెనక్కి పోయింది.

"అంతేనమ్మా" అనడానికి అతనికి కొంచెం సేపు పట్టింది.